నడిచివచ్చిన తోట

పిల్లలూ! ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాము.

ఒక ఆసామి తన ఇంటి చుట్టూ తోట వేయించాలనుకున్నాడు. ఆ తోటలో నలభై ఏళ్ళ వయసున్న మానులు ఉండాలని ఆయన కోరిక. ఈ రోజు విత్తు నాటితే ఆ తోట ఎప్పటికి తయారవుతుంది?

“నలభై ఏళ్ళకు” అని మీరు ఠక్కున చెబుతారు. లెక్క సరిగానే ఉన్నది. కాని ఆ ఆసామికి అప్పటికే ముప్ఫై ఏళ్ళు దాటాయి. ఇంకో నలభై ఏళ్ళు కూచుని ఎదురుచూసే ఓపిక ఆయనకు లేదు. అందుచేత ఆయన ఏం చేశాడో తెలుసా? నలభై ఏళ్ళ చెట్లనే కొన్నాడు! ఒకటీ కాదు, పదీ కాదు, ఏకంగా 7000 చెట్లు. వాటిని వేళ్ళతో సహా పెకలించి తెప్పించి తన కోట చుట్టూ నాటించాడు.

ఇది కాశీమజిలీ కథ కాదు. హాలెండు దేశంలో నిజంగా జరిగింది. ఆ కోట పేరు ద హార్. ఉట్రెక్ట్ అనే పాత పట్టణానికి పడమరగా, కొద్ది మైళ్ళ దూరాన, అది ఇప్పటికీ ఉన్నది. తోటా ఉన్నది. అయితే ఆ తోట రావటానికి చెట్లు మాత్రమే కదిలి వచ్చాయని అనుకోకండి. తోటకోసం కదిలిపోయినవి వేరే ఉన్నాయి. ఆ సంగతి తరవాత చెబుతాను. ముందు కోట కథ వినండి.

హాలెండు అని మనం వాడుకగా అంటాము గాని ఆ దేశం అసలు పేరు నెదర్లాండ్స్. పల్లపు నేలలు అని దాని అర్థం. పేరుకు తగినట్టే దేశంలో దాదాపు నాలుగోవంతు సముద్ర మట్టానికి దిగువనే ఉంటుంది. ఆ దేశపువాళ్ళను మన పెద్దలు డచ్చివారు అనేవారు. వాళ్ళు మనకు కొత్తవాళ్ళు కారు. 17వ శతాబ్దం మొదట్లోనే మచిలీపట్నంలో వర్తకపు కొఠీ పెట్టుకొని, మన నేతగాళ్ళు నేసిన బట్టలను ఓడలకెక్కించుకొని పోయారు. భీమునిపట్నంలో వాళ్ళ సమాధులు ఇప్పటికీ చూడవచ్చు. కాని మన కోట అంతకంటె రెండువందల ఏళ్ళ పైచిలుకు పాతది.

శత్రువుకు అందకుండా ఉండాలంటే కోటను కొండమీద కట్టాలి. కొండపల్లి కోట చూసినవాళ్ళకు ఈ సంగతి తెలుసు. మరి ద హార్ ఉన్న చోట ఎటు చూసినా చాపలాగా చదునైన నేలే. కొండ లేదు, రాయి లేదు. అక్కడివాళ్ళు ఉన్నదానితోనే పని గడుపుకున్నారు. ఉన్నవేమిటి? ఏటి ఒండ్రుమట్టి, నీళ్ళు. మట్టితో ఇటుకలు చేసి కాల్చి గోడలు కట్టారు. గోడల చుట్టూ అగడ్త తవ్వారు. ఆ నేలలో గునపం దించితే కొద్ది అడుగుల్లోనే నీరు ఊరుతుంది. అందుచేత అగడ్త దానంతట అదే నిండి, ఏడాది పొడుగునా ఎండకుండా ఉంటుంది. కొండమీద కోటకు ఎత్తు కాపలా అయితే, పల్లంలో కోటకు నీళ్ళే కాపలా. లోపలికి పోవాలంటే ఎత్తుడు వంతెన ఒక్కటే దారి. శత్రువు వస్తే వంతెన పైకి లాగేస్తారు. బురుజుల మీదినుంచి బాణాలు వేస్తారు.

ద హార్ పేరు దస్తావేజుల్లో మొదట కనిపించేది 1391లో. ద హార్ అన్నది ఆ కోట పేరే కాదు, అందులో ఉన్న వంశం పేరు కూడా. ఆ వంశంలో చివరి మగవాడు 1440లో సంతానం లేకుండా చనిపోయాడు. కోట ఫాన్ జౌలెన్ అనే వంశం చేతికి వచ్చింది. ఈ పేరు జ్ఞాపకం పెట్టుకోండి. దీనితో మనకు చివరిదాకా పని ఉన్నది.

తరవాత నలభై ఏళ్ళకు ఉట్రెక్ట్ సీమలో తమలో తాము కొట్టుకునే యుద్ధాలు ముదిరాయి. ఆ కాలంలో దేశమంతా రెండు పక్షాలుగా చీలి ఉండేది. ఒక పక్షంవారిని “చేపలు” అనీ, రెండో పక్షంవారిని “గాలాలు” అనీ పిలిచేవారు. పేర్లు వింటే నవ్వు వస్తుంది గాని వాళ్ళు చేసినవి నవ్వులాట పనులు కావు. 1482లో ద హార్ కోటను తగలబెట్టారు. శత్రువును ఆపగల గోడలన్నిటినీ పడగొట్టారు. యుద్ధానికి పనికిరాని భాగాలను మాత్రం వదిలేశారు.

ఫాన్ జౌలెన్‌లు మళ్ళీ కట్టుకున్నారు. 1554లో ఎవరో గీసిన బొమ్మ ఒకటి ఉన్నది. కోటను చూపించే బొమ్మల్లో అదే అన్నిటికన్నా పాతది. అందులో కోట తిరిగి దాదాపుగా లేచి నిలబడినట్టు కనిపిస్తుంది. కాని అప్పటికి ఫిరంగులు వచ్చాయి. ఇటుక గోడలూ, అగడ్తలూ ఫిరంగి గుండును ఆపలేవు. ఇట్లాంటి కోటలు కాపలాకు పనికిరాకుండా పోయే కాలం వచ్చింది. 1641లో ఆ శాఖలో ఆఖరివాడైన యోహాన్ ఫాన్ జౌలెన్ కూడా పిల్లలు లేకుండానే పోయాడు. ఆ మీదట కోటను పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1672లో ఫ్రెంచి సేనలు దేశం మీద పడి ఎన్నో కోటలను నేలమట్టం చేశాయి గాని, ద హార్ పూర్తిగా నాశనం కాకుండా బయటపడింది. అయితే శత్రువు చేయని పనిని వానా, మంచూ, రావిమొక్కలకు చుట్టాలైన అక్కడి మొక్కలూ చేశాయి. కప్పులు కూలాయి. గోడల్లో చెట్లు మొలిచాయి. రెండు వందల ఏళ్ళు ఇట్లా గడిచాయి.

1890లో ఈ శిథిలం ఎతియెన్ ఫాన్ జౌలెన్ అనే బారనుకు వారసత్వంగా వచ్చింది. బారన్ అంటే మన జమీందారువంటి బిరుదు అనుకోండి. ఆయన 1860లో పుట్టాడు. భార్య హెలెన్. ఆమె రోత్‌షీల్డ్ వారి ఆడపడుచు. ఆ కాలంలో ఐరోపాలో రాజులకు కూడా అప్పులిచ్చిన బాంకర్లు రోత్‌షీల్డులు. అంటే ఆ ఇంట డబ్బుకు కొదవ లేదన్నమాట.

దంపతులిద్దరికీ అప్పుడే కొత్తగా వచ్చిన మోటారు కార్లంటే మహా సరదా. పారిస్‌లో 1895లో పెట్టిన మోటారు క్లబ్బుకు ఎతియెన్ అధ్యక్షుడు. 1898లో పారిస్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు వెళ్ళి తిరిగి పారిస్ చేరే మోటారు పందెం జరిగితే హెలెన్ అందులో పాల్గొన్నది. దేశాలు దాటే మోటారు పందెంలో దిగిన మొదటి స్త్రీ ఆమే. పందేలలో ఆమె మారుపేరు పెట్టుకున్నది. ఏమని? “నత్త” అని! భర్త కూడా అదే మాటను ఫ్రెంచిలో పెట్టుకున్నాడు. పేరుకు నత్తలే గాని వారికి ఉన్నంత తొందర ఎవరికీ ఉండదు. చెట్ల సంగతి విన్నారుగా!

సరే, ఈ శిథిలాన్ని మళ్ళీ కోటగా నిలబెట్టాలని వాళ్ళు తలపెట్టారు. 1892లో పియేర్ కౌపర్స్ అనే ఆయనను పిలిపించారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో పెద్ద మ్యూజియమూ, పెద్ద రైల్వే స్టేషనూ కట్టినది ఆయనే. అప్పటికే పేరు మోసిన వాస్తుశిల్పి. ద హార్ పని ఇరవై ఏళ్ళు, 1912 దాకా సాగింది.

ఇక్కడ మీకొక చిక్కు ప్రశ్న. సగం కూలిన పాత కట్టడం మీ చేతికి వచ్చిందనుకోండి. మీరు దాన్ని ఏం చేస్తారు? ఉన్నది ఉన్నట్టు, ఇంకా పడిపోకుండా నిలబెడతారా? లేక పోయిన భాగాలన్నీ ఊహించి కట్టి పూర్తి చేస్తారా? దీని మీద పండితులు నూటయాభై ఏళ్ళకు పైగా పోట్లాడుకుంటున్నారు. ఫ్రాన్సులో వియొలె-ల్-దుక్ అనే ఆయన ఉండేవాడు. కట్టడాన్ని బాగుచేయటమంటే దాన్ని సంపూర్ణంగా నిలబెట్టటమే, అది ఒకప్పుడు నిజంగా అట్లా ఉండినా లేకపోయినా సరే అన్నది ఆయన వాదం. కౌపర్స్‌కు ఆ ఫ్రెంచివాని మీద చాలా గురి. అందుచేత ఆయన ద హార్ కోటకు శిఖరాలూ, నునుపైన కొసలున్న బురుజులూ, చెక్కడాల తలుపులూ ధారాళంగా పెట్టాడు. ఇవాళ ఫోటో చూసి, “అబ్బ! ఎంత పాత కోట!” అంటాము. నిజానికి మన కంటికి కనిపించేదానిలో చాలా భాగం పందొమ్మిది, ఇరవయ్యో శతాబ్దాలలో కట్టిందే.

అయితే కౌపర్స్ ఒక మంచి పని చేశాడు. పాత గోడ ఎక్కడ ఆగిందో, కొత్త గోడ ఎక్కడ మొదలయిందో తెలిసేటట్టు, కొత్త కట్టుబడికి వేరే రకం ఇటుక వాడాడు. దగ్గరికి పోయి చూస్తే తేడా తెలుస్తుంది. కాపీ కొట్టిన పిల్లవాడు అది కాపీ అని తానే మార్జినులో రాసిపెడితే ఎట్లా ఉంటుంది? అల్లాంటిదే ఇది. నాకు ఆ కోటలో అన్నిటికన్నా నచ్చిన విషయం ఈ ఇటుకే.

బయటికి మధ్యయుగం కోట. లోపల? లోపల అప్పటికి ఎక్కడో గాని లేని సౌకర్యాలు! సొంత డైనమోతో విద్యుద్దీపాలు. చలి దేశం గనక గదులను వెచ్చచేయటానికి ఒకచోట నీరు కాచి, ఆ ఆవిరిని గొట్టాల గుండా ఇల్లంతా పంపే ఏర్పాటు. ఈ ఆవిరి యంత్రాంగాన్ని ఇప్పుడు పరిశ్రమల చరిత్రకు ఒక గుర్తుగా కాపాడుతున్నారు. వంటింట్లో పొయ్యి పొడవు సుమారు 6 మీటర్లు! మన తరగతి గదిలో ఒక గోడంత. రాగి గిన్నెలు వరసలు వరసలుగా ఉంటాయి. గోడలకు అతికిన పింగాణీ పలకల మీద ద హార్ వంశపు ముద్రా, ఫాన్ జౌలెన్ వంశపు ముద్రా ఉన్నాయి. పూర్వం పైన ఆకాశం కనిపించే నడిమి ముంగిలికి కౌపర్స్ కప్పు వేసి పెద్ద హాలుగా మార్చాడు. ఆ హాలులోనే మొదటి అంతస్తు వసారాలో ఒక మూల చిన్న విగ్రహం ఉన్నది. ఎవరిదనుకున్నారు? కౌపర్స్‌దే! తాను కట్టిన ఇంట్లో తన బొమ్మ పెట్టుకున్నాడు పెద్దమనిషి.

మొత్తం 200 గదులు, 30 స్నానాల గదులు. రాత్రికొక గది చొప్పున పడుకుంటే తిరిగి మొదటి గదికి రావటానికి ఆరున్నర నెలలు పైన పడుతుంది. తమాషా ఏమిటంటే, ఇంత కోటలో ఆ కుటుంబం ఉండేది ఏడాదికి కొద్ది వారాలే. మిగిలిన రోజులు ఫ్రాన్సులోనూ ఇతర చోట్లా ఉండేవారు.

ఇక తోట సంగతి. ఇంత కోటా పచ్చిక బయలులో బోసిగా నిలబడితే బాగుండదు గదా. హెండ్రిక్ కోపెన్ అనే ఉద్యాన నిపుణుని పిలిచారు. ఆయన వేసిన పథకంలో రెండు రకాల తోటలు కలిసి ఉన్నాయి. కోట దగ్గర గీత గీసినట్టు మడులూ, కత్తిరించిన పొదలూ, గులాబి తోటా, తిన్నని కాలువా. ఫ్రాన్సులో వెర్సాయ్ రాజభవనం తోటలు ఈ మాదిరివే. దూరం పోయినకొద్దీ వంకర దారులూ, చెరువులూ, వంతెనలూ, పెద్ద చెట్ల గుంపులూ. ఇది ఇంగ్లండు పద్ధతి. మనిషి చెయ్యి పడనట్టే కనిపించాలి. కాని ప్రతి మలుపూ మనిషి గీసిందే. పెద్ద చెట్లు ఉంటే గాని ఈ రెండో రకం తోట రక్తికట్టదు. అందుకే 7000 చెట్లు కావలసి వచ్చాయి.

నలభై ఏళ్ళ చెట్టును పెకలించి మరోచోట నాటితే బతుకుతుందా? మీలో చాలామందికి అనుమానం వస్తుంది. రావలసిందే. నేను పనిచేసిన ఒక బడిలో మేము మనిషెత్తు వేపచెట్టును దారికి అడ్డంగా ఉన్నదని ఇవతలికి మార్చాము. పిల్లలు ఉత్సాహంగా తవ్వారు. వేళ్ళకు అంటిన మట్టినంతా శుభ్రంగా దులిపి కడిగి మరీ నాటారు! వారం తిరగకుండా ఆకులు వేలాడేశాయి. నెలకు కర్ర మిగిలింది. తప్పు పిల్లలది కాదు, పక్కన నిలబడి చూసిన నాది.

తప్పు ఎక్కడున్నదో చెబుతాను. చెట్టు నీటిని లావాటి వేళ్ళతో తాగదు. లావాటి వేళ్ళు చెట్టును పట్టి నిలబెడతాయి, నీటిని పైకి చేరవేస్తాయి. నీటిని పీల్చేది సన్నని వేళ్ళ కొసల దగ్గర ఉండే మూలకేశాలు. అవి కంటికి నూగులాగా ఉంటాయి. చెట్టు పెద్దదయినకొద్దీ ఈ కొసలు మానుకు చాలా దూరం పోతాయి. మానుకు దగ్గరగా గొయ్యి తవ్వి పెకలిస్తే తాగే నోళ్ళన్నీ వెనకే ఉండిపోతాయి. ఇటు పైన ఆకులు మాత్రం ఊరుకోవు. సన్నని రంధ్రాల గుండా నీటిని ఆవిరిగా వదులుతూనే ఉంటాయి. దీన్నే మీ పాఠాల్లో బాష్పోత్సేకం అంటారు. రాబడి ఆగిపోయి ఖర్చు ఆగకపోతే సంసారం ఏమవుతుందో, చెట్టూ అదే అవుతుంది.

తెలిసిన తోటమాలి ఏం చేస్తాడంటే, చెట్టును కదిలించేందుకు ఒకటి రెండేళ్ళ ముందే మాను చుట్టూ కొంచెం ఎడంగా కందకం తవ్వి, ఆ మేరకు వేళ్ళను కోస్తాడు. ఒకేసారి చుట్టూ కోయకుండా కొంత ఈ ఏడు, కొంత వచ్చే ఏడు. కందకాన్ని మెత్తని మట్టితో పూడుస్తాడు. తెగిన వేళ్ళ దగ్గర కొత్తగా పీచువేళ్ళు గుబురుగా పుట్టుకొస్తాయి. అంటే దూరాన ఉన్న తాగే నోళ్ళు దగ్గరికి వచ్చాయన్నమాట. తరవాత చలికాలంలో, చెట్టు ఆకు రాల్చి నిద్రపోతున్నప్పుడు, వేళ్ళను మట్టి ముద్దతో సహా లేపుతారు. ఆ ముద్దకు గోనెగుడ్డ చుట్టి తాళ్ళతో బిగిస్తారు. మట్టి రాలితే పని చెడినట్టే. కొమ్మలు కొన్ని నరుకుతారు. కొత్తచోట నాటి, గాలికి ఊగకుండా మూడు వైపులా మోకులు కడతారు. ఊగితే ఇప్పుడే పట్టుకుంటున్న లేతవేళ్ళు తెగుతాయి. హాలెండులో ఇంకో చిక్కు కూడా ఉన్నది. నీరు మరీ పైన ఉంటే వేళ్ళకు గాలి ఆడక కుళ్ళుతాయి. అందుకని పల్లపు నేలలో చెట్టు నాటేటప్పుడు నీరు తీసే కాలవలు కూడా చూసుకోవాలి.

ఒక చెట్టుకు ఇంత పని! ఇప్పుడు పలకా బలపం తీయండి. చెట్లను కదపటానికి అనువైన చలిరోజులు ఏడాదికి 100 అనుకుందాము. రోజుకు పది చెట్ల చొప్పున నాటినా ఏడాదికి వెయ్యి. మరి 7000 చెట్లకు? ఏడు చలికాలాలు. ఆ రోజుల్లో మానులు మోసే లారీలు లేవు. గుర్రాలు, బళ్ళు, మోకులు, మనుషుల రెక్కలు. అంతే.

చెట్లన్నీ ఒకచోట దొరకలేదు. వాటిలో కొన్నిటిని ఉట్రెక్ట్ పట్టణం మధ్య నుంచి తేవలసివచ్చింది. అది పాత పట్టణం, ఇరుకు వీధులు. నిలువెత్తు మాను పడుకోబెట్టిన బండి మలుపు దగ్గర ఇరుక్కుంటే ముందుకూ పోదు, వెనక్కూ రాదు. ఒకచోట ఒక ఇల్లు అడ్డం వచ్చింది. ఎవరైనా చెట్టు కొమ్మలు కొట్టుకుంటారు, లేదా దారి మార్చుకుంటారు. బారనుగారు ఆ ఇల్లు కొనేసి పడగొట్టించారు! చెట్లు దారిన పోయాయి.

మొదట్లో నేను, “తోటకోసం కదిలిపోయినవి వేరే ఉన్నాయి” అన్నాను. ఆ మాటకు వస్తున్నాను.

కోట పక్కనే హార్‌జౌలెన్స్ అనే పల్లె ఉండేది. మనుషులున్న ఊరు. ఇళ్ళూ, పశువుల కొట్టాలూ, పెరళ్ళూ, ఒక చర్చీ. కోపెన్ పథకంలో తోట రావలసిన చోట సరిగ్గా ఆ ఊరు ఉన్నది. బారను ఊరినంతటినీ తీయించి, సుమారు కిలోమీటరు అవతల కొత్త ఊరు కట్టించాడు. ఆ ఊరి ఇళ్ళలో చాలావాటికి నమూనాలు వేసింది కౌపర్సూ, ఆయన కొడుకు యోసెఫూ. మధ్యలో పచ్చికబయలు, చుట్టూ పాతకాలపు మోస్తరు ఇళ్ళు, కిటికీ రెక్కలకు ఎరుపూ తెలుపూ రంగులు. ఎరుపూ తెలుపూ ఎందుకంటే అవి ఫాన్ జౌలెన్ వంశపు రంగులు. అంటే బారను కిటికీ తలుపుల మీద కూడా తన ముద్ర వేశాడన్నమాట.

“కొత్త ఇళ్ళు ఇచ్చారు గదా, ఇంకేం కావాలి?” అని మీలో కొందరంటారు. ఇళ్ళు బాగానే ఉన్నాయి. ఇవాళ్టికీ జనం వాటిని చూడటానికే అక్కడికి పోతారు. కాని ఊరంటే ఇళ్ళేనా? మీ ఇంటి వెనక బావి ఉన్నది. ఆ బావి దగ్గర మీ నాయనమ్మ నాటిన జామచెట్టు ఉన్నది. బడికి పోయేటప్పుడు మీరు అడ్డదారి తొక్కే గట్టు ఉన్నది. వీటిలో వేటినీ బండి మీద ఎక్కించలేరు. మానుకు వేళ్ళచుట్టూ ఉన్న మట్టి ముద్దను గోనె చుట్టి జాగ్రత్తగా తెచ్చారు. ఊరి వేళ్ళచుట్టూ ఉన్న మట్టిని ఎవరు తెస్తారు? ఇది నేను బారనును తిట్టటానికి అనటం లేదు. అప్పటి పెద్ద భూస్వాములు చాలామంది ఇట్లాంటి పనులు చేశారు. ఊరివాళ్ళకు వేరే చోట నీడ చూపినవాడు ఆయన. కాని చెట్టుకు చూపిన జాగ్రత్తనూ, ఊరికి చూపిన జాగ్రత్తనూ పక్కపక్కన పెట్టి చూడటం తప్పు కాదు.

ఆ ఊళ్ళో ఒక్కదాన్ని మాత్రం కదిలించలేదు. చర్చిని. దాన్ని పడగొట్టక, కోట తోటలోనే ఉంచారు. చుట్టూ ఊరు లేని గుడి ఎట్లా ఉంటుందో అట్లా, చెట్ల మధ్య ఒంటరిగా నిలిచింది.

తోటకు మంచి రోజులు ఎంతోకాలం లేవు. 1940 మే నెలలో హిట్లర్ సేనలు నెదర్లాండ్స్‌ను ఆక్రమించాయి. 1944 సెప్టెంబరులో అక్కడి రైలు కార్మికులు జర్మనులకు వ్యతిరేకంగా సమ్మె కట్టారు. అందుకు కక్షగా జర్మనులు దేశపు పడమటి భాగానికి ఆహారం పోకుండా ఆపారు. ఆ చలికాలంలో కాలవలు గడ్డకట్టాయి. పడవలు కూడా కదలలేదు. పట్టణాలలో జనం పంచదార దుంపలూ, ఆఖరికి ట్యులిప్ పూల దుంపలూ ఉడికించుకొని తిన్నారు. సుమారు 20 వేల మంది చనిపోయారని లెక్క. ఆ చలికాలాన్ని వాళ్ళు ఆకలి చలికాలమనే పిలుస్తారు.

అటువంటి కాలంలో అందమైన చెట్టును ఎవరు చూస్తారు? యుద్ధపు రోజుల్లో ద హార్ తోటలో చెట్లు పొయ్యిలోకి పోయాయి. పూలమడుల మట్టిలో కూరగాయలు పండించారు. గులాబీలు ఉన్న నేలలో దుంపలూ కాయగూరలూ వచ్చాయి. ఎంతో ఖర్చుపెట్టి, ఇళ్ళు పడగొట్టి తెచ్చిన మానులలో కొన్ని ఎవరి ఇంట్లోనో గది వెచ్చచేసి, గంజి కాచి, బూడిదయ్యాయి. తోట పోయింది గదా అని మీకు విచారం కలగవచ్చు. నాకు మాత్రం ఆ చెట్లు అంతకు మునుపెన్నడూ అంత పనికి రాలేదేమో అనిపిస్తుంది.

యుద్ధమయ్యాక నెమ్మదిగా తోటను మళ్ళీ పాత పథకం ప్రకారం చక్కదిద్దారు. కోట నిర్వహణ ఒక్క కుటుంబం వల్ల అయ్యే పని కాదు. 200 గదుల ఇంటి కప్పు కారితే బాగుచేయటానికి ఎంత కావాలి! 2000 సంవత్సరంలో కోటనూ, తోటనూ ఒక ట్రస్టుకు అప్పగించారు. చుట్టుపక్కల భూములను దేశంలోని ప్రకృతి పరిరక్షణ సంఘం ఒకటి తీసుకున్నది. ఫాన్ జౌలెన్‌వారు మాత్రం ఏడాదిలో ఒక నెల తమ పాత ఇంట్లో ఉండే హక్కు నిలుపుకున్నారు. మిగతా కాలంలో ఎవరైనా టిక్కెట్టు కొని లోపలికి పోవచ్చు. ఒకప్పుడు శత్రువులను ఆపటానికి వంతెన ఎత్తిపెట్టిన చోట ఇప్పుడు బడిపిల్లలు గుంపులు గుంపులుగా నడిచిపోతున్నారు.

మానుల లెక్క ఒకటి మిగిలిపోయింది. 1895 ప్రాంతంలో నలభై ఏళ్ళున్న చెట్టు ఎప్పుడు మొలిచినట్టు? 1855 ప్రాంతంలో. నరికివేతకు తప్పించుకొని నిలబడిన చెట్టుకు ఇప్పుడు నూటడెబ్భై ఏళ్ళు. కోట శిఖరాలకన్నా చెట్లే పెద్దవి! బారను తొందరపడి కొన్న నలభై ఏళ్ళు, ఇవాళ ఆ వయసులో చిన్న భాగం.

మీరు పెద్దవాళ్ళయి ఏ చదువుకో, ఉద్యోగానికో ఆ దేశానికి వెళితే, ఉట్రెక్ట్ నుంచి ఒక్కపూటలో ద హార్ చూసి రావచ్చు. మొదట గోడల దగ్గరికి పోయి పాత ఇటుకనూ, కొత్త ఇటుకనూ వేలితో తడిమి చూడండి. తరవాత తోటలోకి పోండి. అక్కడ పాతదెంతో కొత్తదెంతో చెప్పే ఇటుక ఏదీ ఉండదు. పచ్చిక అంతా ఒకటే పచ్చిక. చెట్ల నడుమ ఆ చర్చి దొరికేదాకా నడవండి. దాని వాకిట్లో నిలబడి నాలుగు పక్కలా చూడండి. చర్చి వాకిలి ఎప్పుడూ వీధిలోకే ఉంటుంది గదా. ఆ వీధి ఎటు పోయిందో, మొదటి ఇల్లు ఎక్కడ ఉండేదో మీకు మీరే గుర్తుపట్టటానికి ప్రయత్నించండి.